ముట్లుడిగిన తర్వాత రక్తం కనిపిస్తే

(ఉరవకొండలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార శాఖ మహిళా ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం. సభ్య సంఘాల కార్యదర్శులు దీనిని తమ సంఘం సమావేశంలో చదివి వినిపించవలసిందిగా మనవి.)



ఆడిట్ సంగతి, బోనస్ సంగతి, దాణా బాకీల సంగతి ఉదయమే మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను చెప్పబోయేది రికార్డులకు సంబంధించిన విషయం కాదు. ఆడవారి ఆరోగ్యానికి సంబంధించినది. నలుగురిలో మాట్లాడటానికి మనకు అలవాటు లేని విషయం. మగవారు లేచి వెళ్ళనవసరం లేదు. మీ ఇంట్లో తల్లి ఉంది, భార్య ఉంది, అత్త ఉంది. మీరు కూడా వినవలసిన మాటే ఇది.

ఇన్‌స్పెక్టరమ్మకు ఈ వైద్యం సంగతులెందుకని కొందరికి అనిపించవచ్చు. నేను డాక్టరును కాను, సహకార డిప్లొమా చదివినదాన్ని. అయితే సంఘాల పుస్తకాలు తిరగేసేటప్పుడు నాకు కొన్ని సంగతులు కనబడుతూ ఉంటాయి. రోజూ రెండు పూటలా పాలు పోసే సభ్యురాలు ఉన్నట్టుండి మానేస్తుంది. ఎందుకమ్మా అని అడిగితే, ‘ఆస్పత్రి ఖర్చుకు ఎనుమును అమ్మేశాం’ అంటారు. ఏం జబ్బని అడిగితే ఆడవాళ్ళు తల వంచుకుంటారు, మగవాళ్ళు ‘ఏదో గర్భసంచి బాధ’ అంటారు. వాన నమ్మకం లేని ఈ సీమలో శనక్కాయ పంట పోయిన ఏడాది కూడా పొయ్యి ఆరకుండా చూసేది పాడి పశువే. ఆ పశువును మేపేది ఎక్కువగా నలభై, యాభై, అరవై ఏళ్ళ ఆడవాళ్ళే. వాళ్ళ ఒంటికి వచ్చే ముప్పును ముందుగా గుర్తిస్తే మనిషీ దక్కుతుంది, పశువూ దక్కుతుంది. అందుకే తెలిసిన డాక్టరమ్మలను అడిగి, చదివి, ఈ నాలుగు మాటలు చెప్పడానికి నిలబడ్డాను.

ముందుగా అసలు మాట చెప్పేస్తాను. మిగిలినదంతా మరిచిపోయినా ఇది మరవకండి. ముట్లుడిగి ఒక ఏడాది దాటిన తర్వాత, ఒక్క చుక్క రక్తం కనిపించినా, ఒక్కసారే కనిపించి ఆగిపోయినా, అది ముట్టు కాదు. నొప్పి ఉన్నా లేకపోయినా డాక్టరు చేత పరీక్ష చేయించుకోవాలి. అలాగే, పరీక్ష జరిగి కారణం తేలనిదే గర్భసంచి తీయించుకోవడానికి ఒప్పుకోకూడదు. ఈ రెండు మాటలూ జోడెద్దుల వంటివి. ఒక్కటే ఉంటే బండి సాగదు.

ముట్లుడగడం అంటే ఏమిటి?

ఆడదాని పొత్తికడుపులో గర్భసంచికి రెండు పక్కలా రెండు అండాశయాలు ఉంటాయి. అవి నెలనెలా అండాన్ని విడుదల చేస్తాయి. ఈస్ట్రోజెన్ మొదలైన హార్మోన్లను కూడా తయారు చేస్తాయి. ఆ హార్మోన్ల వల్ల గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. గర్భం రాకపోతే ఆ పొర రాలి ముట్టుగా బయటికి వస్తుంది. వయసు పైబడేకొద్దీ అండాశయాల పని తగ్గి, చివరకు ఆగిపోతుంది. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకు ముట్లుడుగుతాయి. కొందరికి నలభై దాటగానే ఆగుతాయి, కొందరికి యాభై దాటాక ఆగుతాయి.

ఆగే ముందు రెండు మూడేళ్ళ పాటు ముట్టు తప్పుతూ వస్తూ ఉంటుంది. రెండు నెలలకోసారి, నాలుగు నెలలకోసారి రావచ్చు. కాబట్టి పూర్తిగా ఆగిందని ఎప్పుడు అనుకోవాలి? వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే ఉడిగినట్టు లెక్క. అందుకే చివరి ముట్టు ఏ పండగ దగ్గర వచ్చిందో గుర్తు పెట్టుకోండి. ఉగాదికి వచ్చిందా, దసరాకు వచ్చిందా? పాల పాస్‌బుక్కు వెనక అట్ట మీద రాసుకున్నా సరే. డాక్టరు మొదట అడిగే ప్రశ్న అదే.

ఏడాది నిండకముందు కూడా కొన్నిటికి డాక్టరును చూడవలసిందే. బట్టలు తడిసిపోయేంత రక్తం, వారం దాటినా ఆగని రక్తం, రెండు ముట్ల నడుమ కనిపించే రక్తం, మగనితో కలిసిన తర్వాత కనిపించే రక్తం, ఇవి మామూలు కాదు.

పశువుల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఆవు ఎదకు వచ్చి పోయిన రెండు మూడు రోజులకు ఒక్కోసారి తోక కింద కాస్త రక్తం అంటుకుని ఉంటుంది. పడ్డల్లో ఇంకా ఎక్కువగా కనబడుతుంది. అది జబ్బు కాదనీ, ఎద వెళ్ళిపోయిందనడానికి గుర్తనీ పశువుల డాక్టర్లు చెబుతారు. ముట్టు వచ్చే వయసులో ఆడదానికి నెలనెలా రక్తం కనబడటం కూడా దాని ప్రకారం అది జరగడమే. కాని ముట్లుడిగిన మనిషికి అండాశయాలు పని మానుకున్నాయి. నెలనెలా పొర మందమై రాలే పని లేదు. మరి రక్తం ఎక్కడి నుంచి వచ్చింది? ఏదో ఒక కారణం ఉండి తీరాలి. ఆ కారణం చిన్నదా పెద్దదా అన్నది చూస్తేగాని తెలియదు.

రక్తం అంటే ఎంత?

ధారగా కారితేనే రక్తమని అనుకోవద్దు. లోపలి చీరకు గులాబీ రంగు మరక, కాఫీ రంగు మచ్చ, తెల్లబట్టలో ఎర్రని చార, కంపు కొట్టే నీరు, ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మూత్రంలో రక్తం పడినా, మొలల వల్ల రక్తం పడినా బట్టకు మరక అంటుతుంది. ఎక్కడి నుంచి వస్తోందో తెలియకపోతే శుభ్రమైన తెల్లని గుడ్డ పెట్టుకుని చూడండి. అప్పటికీ తేలకపోతే డాక్టరుకు అదే చెప్పండి. మూడింటిలో ఏది అయినా చూపించుకోవలసిందే.

కారణాలు ఏమిటి?

భయపడకుండా వినండి. ముట్లుడిగిన తర్వాత రక్తం కనిపించిన వందమందిని పరీక్ష చేస్తే సుమారు తొంభై మందికి గర్భసంచి పొర క్యాన్సరు ఉండదు. తొమ్మిది పదిమందికి మాత్రమే ఉంటుంది. అనేక దేశాల లెక్కలు కలిపి చూసి డాక్టర్లు చెప్పిన మాట ఇది. అయితే ఇదే లెక్కను రెండో వైపు నుంచి కూడా చూడాలి. ముట్లుడిగాక గర్భసంచి పొర క్యాన్సరు వచ్చిన వందమందిలో సుమారు తొంభై మందికి రక్తం కనబడింది. అంటే ఆ జబ్బు చెప్పకుండా వచ్చేది కాదు, తలుపు తట్టి వచ్చేది. తట్టినప్పుడు తలుపు తీసి చూస్తే తొలి దశలోనే పట్టుకోవచ్చు. గర్భసంచి దాటి పాకకముందే దొరికితే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా కనబడే కారణం పొర పలచబడటం. ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల యోని లోపలి చర్మమూ, గర్భసంచి పొరా ఎండిన మడిలాగా పలచబడి, కాస్త రాపిడికే చిట్లుతాయి. మంట, దురద, కలయికలో నొప్పి కూడా ఉంటాయి. దీనికి పూత మందులున్నాయి. డాక్టరు చూసి ఇస్తారు.

రెండోది పిలకలు. గర్భసంచి లోపలగాని, దాని మూతి దగ్గరగాని చిన్న చిన్న కండ పిలకలు పెరుగుతాయి. ఎక్కువగా ఇవి క్యాన్సరు కావు. తీసివేసి పరీక్షకు పంపుతారు.

మూడోది పొర మందమవడం. ఒళ్ళు బరువున్నవారిలో, చక్కెర జబ్బు ఉన్నవారిలో ఇది ఎక్కువ. అండాశయాలు పని మానినా, ఒంటిలోని కొవ్వు కొంత ఈస్ట్రోజెన్‌ను తయారు చేస్తూనే ఉంటుంది. దాంతో పొర అవసరం లేకుండా మందమవుతుంది. కొన్ని రకాల మందం పట్టించుకోకపోతే కొన్నాళ్ళకు క్యాన్సరుగా మారవచ్చు. ముందుగా తెలిస్తే చాలామందికి మందులతోనే తగ్గుతుంది.

నాలుగోది మందుల వల్ల. రొమ్ము క్యాన్సరుకు వాడే టామాక్సిఫెన్ మాత్ర, హార్మోన్ మాత్రలు, గుండె జబ్బులో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు వాడేవారికి రక్తం కనబడవచ్చు. వాడే మాత్రలన్నీ డాక్టరుకు చూపండి. మీ అంతట మీరు మాత్ర మానేయకండి, మాత్ర వల్లనేలే అని పరీక్ష కూడా మానేయకండి.

అయిదోది గర్భసంచి జారడం. ఇది మన పనిపాటల ఆడవాళ్ళలో తరచు చూసేది. గడ్డి మోపులు, నీళ్ళ బిందెలు, పాల క్యాన్లు మోసి మోసి, కాన్పు అయిన నెలకే పనిలోకి దిగి, గర్భసంచిని పట్టి ఉంచే కండరాలు సడలుతాయి. జారిన భాగం చీరకు రాసుకుని పుండు పడి రక్తం వస్తుంది. దీనికి వ్యాయామం ఉంది, లోపల అమర్చే రింగు ఉంది, ఆపరేషన్ కూడా ఉంది. బట్ట కుక్కుకోవడం, పసరు పూయడం మాత్రం చేయకండి. పుండు ముదురుతుంది.

ఇక గర్భసంచి మూతి క్యాన్సరు. మన దేశంలో ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరు తర్వాత దీనిదే రెండో స్థానం. హెచ్.పి.వి. అనే వైరస్ ఏళ్ళ తరబడి లోపల ఉండిపోవడం వల్ల వస్తుంది. కాపురం చేసే ఏ ఆడదానికైనా ఆ వైరస్ సోకవచ్చు, ఎక్కువగా మగవారి ద్వారా వస్తుంది. కాబట్టి ఈ జబ్బు వచ్చినదాన్ని నడత సరిలేనిదని అనడం అన్యాయం. ఇది క్యాన్సరుగా మారడానికి పదేళ్ళు, అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ పదేళ్ళూ మనకు దొరికిన గడువు. ముప్పై దాటిన ఆడవారికి ప్రభుత్వ ఆస్పత్రుల్లో చేసే పరీక్ష ఈ గడువులో పట్టుకోవడానికే. ఆడపిల్లలకు చిన్న వయసులోనే వేయించడానికి టీకా కూడా ఉంది. కాని ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆ పరీక్ష ఏ బాధా లేనివారికి చేసేది. రక్తం కనిపించినవారు ‘మొన్ననే పరీక్షలో బాగుందన్నారు’ అని ఊరుకోకూడదు. మళ్ళీ చూపించుకోవాలి.

ఎందుకు దాచుకుంటున్నాం?

ఈ పల్లెల్లో నేను విన్న మాటలు చెబుతాను. ‘ఒళ్ళు వేడి చేసింది, సబ్జా నీళ్ళు తాగితే పోతుంది’ అంటారు. ‘మళ్ళీ ముట్టు వచ్చింది, ఒంట్లో ఇంకా సత్తువ ఉంది’ అని సంతోషించేవారు ఉన్నారు. ‘నొప్పి లేదు గదా’ అని ఊరుకునేవారే అందరికంటే ఎక్కువ. నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదమ్మా. ఈ క్యాన్సర్లలో నొప్పి వచ్చేది చాలా ఆలస్యంగా.

ఇంకొక సంగతి ఉంది. మొగుడు పోయిన ఆడది అరవై ఏళ్ళకు రక్తం కనబడితే నోరు విప్పదు. లోకం ఏమంటుందోనని భయం. కోడలికి చెప్పాలంటే సిగ్గు, కొడుక్కి చెప్పాలంటే ఇంకా సిగ్గు. బట్టలు తానే రాత్రిపూట ఉతుక్కుని, తెల్లారి పాల క్యాను పట్టుకుని వస్తుంది. రక్తం ఆమె నడతను చెప్పదు, ఆమె గర్భసంచి ఆరోగ్యాన్ని చెబుతుంది. కోడళ్ళకు నా మనవి ఏమంటే, అత్త అడగకముందే మీరే అడగండి. ‘అత్తా, ఎప్పుడైనా మరక కనబడితే నాకు చెప్పు, ఆస్పత్రికి పోదాం’ అని ఒక్క మాట అనండి. ఆ మాట విన్నాక ఆమెకు సగం భయం తీరుతుంది.

డాక్టరు ఏం చేస్తారు?

పరీక్ష అంటే కోయడం కాదు. మొదట ప్రశ్నలు అడుగుతారు. తర్వాత పొత్తికడుపు తడిమి, లోపల చిన్న పరికరం పెట్టి, గర్భసంచి మూతిని కళ్ళారా చూస్తారు. కొన్ని నిమిషాల పని. లేడీ డాక్టరు కావాలని అడగవచ్చు, తోడుగా ఒక ఆడమనిషిని ఉంచుకోవచ్చు. మూతి దగ్గర నుంచి కాస్త జిగురు తీసి పరీక్షకు పంపవచ్చు. దానిని పాప్ పరీక్ష అంటారు. దీనిని కనిపెట్టిన పాపనికొలావ్ అనే గ్రీకు డాక్టరు అమెరికాలో గినీ పందుల ఎదకాలాన్ని పరిశీలిస్తూ, వాటి యోని జిగురును అద్దం మీద పూసి చూడటం నేర్చుకున్నారు. ఆ సంగతి 1917లో ప్రకటించారు. ఆ ఒడుపే ఆడవారి క్యాన్సరును పట్టుకోవడానికి పనికివచ్చిందని 1943లో పుస్తకం వేశారు. పశువు ఎదను జాగ్రత్తగా గమనించే అలవాటు మనుషుల ప్రాణాలకు ఎలా పనికి వచ్చిందో చూడండి.

తర్వాత స్కానింగ్. పొట్ట మీద నుంచి కాక, సన్నని గొట్టాన్ని యోని లోపల పెట్టి చేసే స్కానింగ్‌లో పొర మందం బాగా తెలుస్తుంది. ముట్లుడిగినవారిలో ఆ పొర 4 మిల్లీమీటర్లు, అంతకు లోపు ఉంటే క్యాన్సరు ఉండే అవకాశం చాలా తక్కువ. అంతకు మించి ఉంటే గాని, పొర పలచగానే ఉన్నా రక్తం మళ్ళీ మళ్ళీ కనబడుతుంటే గాని, పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దానిని బయాప్సీ అంటారు. సన్నని గొట్టంతో కొద్దిసేపట్లో తీస్తారు. ముట్టు నొప్పి వంటి నొప్పి ఉంటుంది. కొందరికి మత్తు ఇచ్చి, లోపల కెమెరాతో చూస్తూ తీస్తారు.

ఈ ముక్క పరీక్ష ఎందుకంత ముఖ్యమో మీకు తెలిసిన ఉదాహరణతోనే చెబుతాను. మన కేంద్రంలో ఒక క్యాను పాల మీద అనుమానం వచ్చిందనుకోండి. కార్యదర్శి ఏం చేస్తాడు? మూత తీసి వాసన చూస్తాడు. కాసిని పాలు టెస్టు ట్యూబులో పోసి కాచి చూస్తాడు. విరిగితే పాలు చెడినట్టు, విరగకపోతే మంచివి. శాంపిల్ చూడకుండా క్యాను మొత్తం పారబోస్తే మీరు ఊరుకుంటారా? అలాగే శాంపిల్ చూడకుండా ‘ఏం కాదులే’ అని రూటు బండికి ఎక్కిస్తే, ఆ ఒక్క క్యాను అందరి పాలనూ చెడగొడుతుంది. గర్భసంచి సంగతి కూడా అంతే. శాంపిల్ చూడకుండా ‘ఏం కాదులే’ అనడం తప్పే, శాంపిల్ చూడకుండా ‘తీసేద్దాం’ అనడం కూడా తప్పే.

తీయించుకోవడానికి తొందర వద్దు

ఈ రెండో తప్పు మన రాష్ట్రంలో చాలా జరిగింది. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసివేసినట్టు తేలింది. దేశం మొత్తం మీద చూస్తే నూటికి 3 మంది. 2019-21 సర్వేలో కూడా మన లెక్క దాదాపు అంతే ఉంది. అంతకు ముందే మెదక్ జిల్లా పల్లెల్లో డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ ఇల్లిల్లూ తిరిగి, చిన్న వయసులోనే, అవసరం లేకుండానే ఎందరికో గర్భసంచులు తీసివేస్తున్నారని బయటపెట్టారు. తెల్లబట్టకూ, నడుం నొప్పికీ కూడా ‘తీయకపోతే క్యాన్సరు వస్తుంది’ అని భయపెట్టి ఆపరేషన్ చేసిన సందర్భాలున్నాయి. చివరకు ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అవసరం లేని ఈ ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023లో కోర్టు ఆదేశించింది.

చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఒక్కసారిగా ముట్లుడిగినట్టే. ఎముకలు గుల్లబారడం, ఒళ్ళంతా ఆవిర్లు, గుండె జబ్బుల ముప్పు ముందుగానే వస్తాయి. పాడి పని చేసే ఒళ్ళు అప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. ఆపరేషనే వద్దని నేను అనడం లేదు. క్యాన్సరని ముక్క పరీక్షలో తేలితే ఆపరేషన్ ఒక్క వారం కూడా వాయిదా వేయకండి. కారణం తేలాక తీస్తే అది వైద్యం. తేలకముందే తీస్తే మనిషికీ నష్టం, ఇంటికీ నష్టం.

గర్భసంచి తీయించుకున్నవారికి కూడా ఒక మాట. ‘నాకు సంచే లేదు, నాకేం వస్తుంది’ అనుకోకండి. కొన్ని ఆపరేషన్లలో మూతి భాగాన్ని ఉంచేస్తారు. పూర్తిగా తీసినా యోని పైభాగం ఉంటుంది. అక్కడ నుంచి కూడా రక్తం రావచ్చు. మీరు కూడా చూపించుకోవలసిందే. ఆపరేషన్ కాగితాలు, ముక్క పరీక్ష రిపోర్టు పారేయకుండా రేషన్ కార్డుతో పాటు దాచిపెట్టండి.

ఇద్దరు సభ్యురాళ్ళు

పేర్లు, ఊళ్ళు చెప్పను. నేను తిరిగే సంఘాల్లోని ఇద్దరి సంగతి. మొదటి ఆమె యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మూడు ఎనుములు, రోజూ పది లీటర్లు. మరక కనబడింది, ఆగింది, మళ్ళీ కనబడింది. ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది నెలల తర్వాత నడుం నొప్పి వచ్చి, కాలు వాచి, అప్పుడు ఆస్పత్రికి తీసుకువెళ్ళారు. మూతి క్యాన్సరు ముదిరిందన్నారు. కరెంటు పెట్టించడానికి నెలన్నర ఊరు విడిచి ఉన్నారు. ఎనుములు మూడూ పోయాయి. ఏడాది తిరగకుండా ఆమె కూడా పోయింది.

రెండో ఆమెకు అరవై రెండు. పాలు పోయడానికి వచ్చినప్పుడు సంఘం ఊడ్చే ఆమెతో మెల్లగా చెప్పింది. ఆమె ఆశా కార్యకర్తకు చెప్పింది. ఆ వారంలోనే ఆస్పత్రికి వెళ్ళారు. స్కానింగ్‌లో పొర మందంగా ఉంది, ముక్క పరీక్షలో తొలి దశ క్యాన్సరని తేలింది. ఆపరేషన్ అయింది. కరెంటు కూడా అవసరం లేదన్నారు. మూడో నెలకు మళ్ళీ క్యాను పట్టుకుని వచ్చింది. బరువు ఎత్తవద్దన్నారని ఇప్పుడు క్యాను మనవడు మోస్తాడు, లెక్క ఆమె చూసుకుంటుంది. ఇద్దరివీ ఒకే రకం జబ్బులు కావు, నిజమే. కాని రక్తం ఇద్దరికీ ముందుగానే కనబడింది. ఒకామె చెప్పలేకపోయింది, ఒకామె చెప్పింది.

ఎక్కడికి వెళ్ళాలి?

మొదట మీ ఊరి ఆశా కార్యకర్తకో, ఎ.ఎన్.ఎం.కో చెప్పండి. ఉరవకొండ ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించండి. అక్కడ కుదరని పరీక్షలకు అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి ఉంది. సుమారు 50 కిలోమీటర్లు, పొద్దున పాలు పోసి బస్సు ఎక్కితే అందుకోవచ్చు. క్యాన్సరని తేలితే కర్నూలులో ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. మనవారు చాలామంది బెంగళూరు కిద్వాయ్ ఆస్పత్రికి కూడా వెళుతుంటారు. పక్క రాష్ట్రానికి వెళ్ళేముందు మన కార్డు అక్కడ చెల్లుతుందో లేదో కనుక్కుని బయలుదేరండి.

ఖర్చుకు భయపడి ఆగకండి. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఇప్పుడు దానిని ఎన్.టి.ఆర్. వైద్య సేవ అంటున్నారు. క్యాన్సరు ఆపరేషన్, కరెంటు, మందులు ఆ పథకంలో ఉన్నాయి. ఎనుమును అమ్మే ముందు, వడ్డీకి అప్పు చేసే ముందు, ఆస్పత్రిలో ఆ పథకం బల్ల దగ్గర కూర్చున్నవారిని అడగండి.

డాక్టరును మీరు అడగవలసిన ప్రశ్నలు నాలుగు. ఇవి నోటికి నేర్చుకోండి.

1. రక్తం ఎక్కడి నుంచి వస్తోందమ్మా?
2. పొర మందం ఎంత ఉంది?
3. ముక్క పరీక్ష చేశారా, రిపోర్టు ఏం చెప్పింది?
4. ఆపరేషన్ కాక వేరే దారి ఉందా?

ఈ నాలుగూ అడిగితే మంచి డాక్టరు ఎవరూ విసుక్కోరు. జవాబు రాకుండానే ‘రేపే తీసేద్దాం’ అంటే, ఇంకొక డాక్టరుకు చూపించుకునే హక్కు మీకుంది.

సంఘం చేయగలిగింది

చివరగా నా శాఖకు సంబంధించిన మాట. పాలకవర్గ సభ్యులు, కార్యదర్శులు గమనించండి. మన సంఘాల ఉపవిధుల్లో ఓటు హక్కుకూ, పోటీ చేయడానికీ ఏడాదిలో ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పాలు పోయాలని ఉంటుంది. సభ్యురాలు ఆస్పత్రిలో ఉంటే ఆ ఇంటి పాలు ఆమె పేరు మీదే, ఆమె పాస్‌బుక్కులోనే రాయండి. కోడలు తెచ్చిందని కోడలి పేరున రాయకండి. ఆమె తిరిగి వచ్చేసరికి ఆమె సభ్యత్వం ఆమెకు ఉండాలి. ఆమెకు రావలసిన పాల బిల్లును అడిగిన రోజే ఇచ్చేయండి. ఆస్పత్రికని అడిగినప్పుడు, ఏం జబ్బని నలుగురి ముందు అడగవద్దు.

ప్రతి సంఘంలో వయసు మీరిన ఒక ఆడమనిషిని, నోరు కట్టుకోగలిగినదాన్ని చూసి, ‘ఏ బాధ ఉన్నా ఈమెకు చెప్పుకోవచ్చు’ అని సభ్యురాళ్ళకు తెలియజేయండి. ఆశా కార్యకర్తను ఏడాదికి రెండుసార్లు కేంద్రానికి పిలిచి, సాయంత్రం పాలు పోసే వేళ పది నిమిషాలు మాట్లాడించండి. దీనికి సంఘానికి పైసా ఖర్చు లేదు. తీర్మానం పుస్తకంలో రాసుకుంటే వచ్చే తనిఖీలో నేను తప్పకుండా చూస్తాను.

మగవారికి ఒక్క మాట. పశువు రెండు పూటలు మేత ముట్టకపోతే డాక్టరు కోసం పరుగెత్తుతారు. అది మంచి పనే. ఇంటి ఆడమనిషి రక్తం కనబడిందని చెప్పిననాడు కూడా అదే పరుగు పెట్టండి. చేను పని, నీటి వంతు, పెళ్ళి పిలుపు, ఏవైనా నాలుగు రోజులు ఆగుతాయి. ఇది ఆగదు.

ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళాక, ఇక్కడికి రాలేకపోయిన పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆమె పక్కన కూర్చుని ఈ సంగతి చెప్పండి.